పచ్చచుక్క కింద సెకండ్ల ముల్లు

నేను ఒక చేతి గడియారాన్ని. కీ ఇస్తే నడుస్తాను, మరిచిపోతే ఆగిపోతాను. ఇంతకు మించి నాలో ఏ మాయా లేదు. అయినా మాదాపూర్‌లోని ఒక అద్దాల మేడలో, హెచ్చార్ వాళ్ళ ఇనప బీరువాలో, ప్లాస్టిక్ కవర్లో పెట్టి నన్ను బంధించారు. కవర్ మీద మార్కర్‌తో ‘సాక్ష్యం’ అని రాశారు. నేను ఎవరినీ దోచుకోలేదు, ఎవరి గొంతూ కోయలేదు. నేను చేసిన నేరం ఒక్కటే. ఆగాల్సిన చోట ఆగలేదు.

నన్ను తయారుచేసినవాళ్ళు ఒక్క విషయంలో ఉదారంగా ఉన్నారు. నా సెకండ్ల ముల్లు పొడుగ్గా, ఎర్రగా, దూరానికి కూడా కనిపించేలా ఉంటుంది. ఆ ముల్లు చూసే ఏలూరులో సలోమి నన్ను కొనుక్కుంది. అప్పటికామె పెద్దాసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు. రోగి మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, నా ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా నాడి లెక్కపెట్టేది. పక్క వార్డులో కొందరు మంచం దగ్గరకి వెళ్ళకుండానే డెబ్బై రెండు అని చార్టులో రాసి పడేసేవాళ్ళు. సలోమి కూడా మనిషే, ఆమెకూ కాళ్ళు పీకేవి. అయినా వేళ్ళు ఆనించేది. ఆమె చేతి మీద నేను ఎన్నో నాడులు విన్నాను. గుర్రంలా పరిగెత్తేవి, నత్తలా పాకేవి, మధ్యలో తడబడేవి. మనిషి ఉన్నాడా లేడా అన్న ప్రశ్నకి నా ముల్లే సాక్షి. ఆ గర్వం నాకు చాలా ఏళ్ళు ఉంది.

ఆమె రిటైరయ్యాక నన్ను తమ్ముడి కొడుకు ఇమ్మానుయేలు చేతికి కట్టింది. వాడికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన రోజది.

“రోజూ పొద్దున్నే కీ ఇవ్వరా ఇమ్మానూ. గట్టిగా తిప్పమాకు. చాలనుకున్నప్పుడు అదే బిగుసుద్ది. అక్కడ ఆపెయ్యాలి. ఇంకా తిప్పావో, తెగుద్ది.”

“సరే అత్తా,” అన్నాడు వాడు. ఆ మాట నా గురించే అనుకున్నాం, వాడూ నేనూ.

ఇమ్మానుయేలు పని చెప్పడానికి తేలిక, చేయడానికి నరకం. ఆసుపత్రులకీ బ్లడ్ బ్యాంకులకీ మధ్య నడిచే ఒక సాఫ్ట్‌వేర్‌కి కాపలా కాయడం. ఆసుపత్రివాళ్ళు ఫలానా గ్రూపు రక్తం కావాలని అందులో నమోదు చేస్తారు, అది బ్లడ్ బ్యాంక్ తెర మీద కనిపిస్తుంది. అప్పుడప్పుడూ ఆ కోరిక దారిలో ఇరుక్కుపోతుంది. అలారం మోగుతుంది. ఇమ్మానుయేలు ఒక బటన్ నొక్కి దాన్ని మళ్ళీ కదిలించాలి. అంతే. మొదట్లో ఉత్సాహం కొద్దీ ఆ బటన్ దానంతటదే నొక్కుకునేలా ఒక ప్రోగ్రాం రాశాడు. తీసుకెళ్ళి మేనేజర్ చక్రధర్‌కి చూపించాడు.

చక్రధర్ మెచ్చుకున్నాడు, టీ ఇప్పించాడు, తర్వాత నవ్వాడు. “భలేవాడివయ్యా! బటన్ దానంతటదే నొక్కుకుంటే క్లయింటు మనకెందుకు డబ్బులిస్తాడు? దాచి పెట్టు.”

ఆ రోజు నుంచి ఇమ్మానుయేలు నొక్కాల్సిన అవసరం లేని బటన్‌ని నొక్కడానికి జీతం తీసుకున్నాడు. వేరే ప్రాజెక్టు అడిగాడు. “ఆ సీట్లో నువ్వుంటేనే నాకు నిద్ర పడుతుంది,” అన్నాడు చక్రధర్. మేనేజర్ నిద్ర కోసం వాడి నిద్ర పోయింది. పొద్దున లేచి లాప్‌టాప్ మూత తెరవడానికి పావుగంట దాని ముందు కూర్చునేవాడు. అన్నం చల్లారిపోయేది. స్నేహితులు ఫోన్ చేస్తే, మోగినంతసేపూ దాన్ని చూస్తూ ఉండేవాడు.

ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. అయితే మౌస్ కాసేపు కదలకపోతే, ఆఫీసు చాట్‌లో పేరు పక్కనుండే పచ్చచుక్క పసుపు రంగుకి తిరుగుతుంది. సోమవారం మీటింగులో చక్రధర్ పసుపుచుక్కల వాళ్ళ పేర్లు చదివేవాడు, బళ్ళో మాస్టారు హాజరు వేసినట్టు.

ఒకరోజు ఇమ్మానుయేలు నన్ను చేతి నుంచి విప్పి టేబుల్ మీద పెట్టి, నా ముఖం మీద మౌస్ పెట్టాడు. దాని కడుపులోంచి ఎర్రటి వెలుతురు నా అద్దం మీద పడింది. నా ముల్లు కదిలితే తన కింద బల్లే కదులుతోందని భ్రమపడింది ఆ మౌస్. తెర మీద బాణం గుర్తు సన్నగా వణుకుతోందని వాడు గొణుక్కున్నాడు. చుక్క పచ్చగానే ఉండిపోయింది.

వాడు చొక్కా వేసుకుని, ఫోన్ ఇంట్లోనే వదిలి, తాళం వేసి వెళ్ళిపోయాడు.

ఎక్కడికనుకున్నారు? సినిమాకా, బారుకా? కాదు. మియాపూర్‌లో కంటపడ్డ సిటీ బస్సు ఎక్కి, చివరి స్టాపుదాకా కిటికీ పక్కన కూర్చుని, అదే బస్సులో తిరిగి వచ్చేవాడు. తనని ఎవరూ ఏమీ అడగని చోటు వాడికి ఊరు మొత్తంలో అదొక్కటే దొరికింది. తిరిగొచ్చాక చొక్కా జేబులోంచి టికెట్లు తీసి నా పక్కనే పడేసేవాడు. అలా తెలిసింది నాకు.

ఇక రోజూ అదే, అలారం కాపలా తన వంతు కాని పూటల్లో. పొద్దున్నే నాకు కీ ఇచ్చేవాడు. ఆ ఉద్యోగంలో వాడు ఒక్కరోజు కూడా మానకుండా, శ్రద్ధగా చేసిన పని అదే. ‘పని ఒత్తిడిని జయించడం ఎలా’ అని కంపెనీ ఒక ఆన్‌లైన్ తరగతి పెట్టింది. వాడు బస్సులో ఉన్నాడు, నేను హాజరయ్యాను. చివరిదాకా ఉన్నవాళ్ళకి సర్టిఫికెట్ ఇచ్చారు. న్యాయంగా చూస్తే అది నాది.

వాడితో పాటు అదే కాపలా కాసే మరో మనిషి హైమ. కరీంనగర్ అమ్మాయి, చంటిపాప తల్లి. వాళ్ళిద్దరికీ ఒక అలవాటు ఉండేది. ఒకరు లేవాలంటే రెండోవాళ్ళకి ‘చూసుకో’ అని సందేశం పెట్టాలి. అవతల పచ్చచుక్క ఉంటే జవాబు కోసం ఆగక్కర్లేదు, లేచి వెళ్ళిపోవచ్చు. ఇద్దరి చుక్కలూ పసుపైతేనే అలారం చక్రధర్ ఫోన్‌కి వెళ్తుంది. ఒక్కటి పచ్చగా ఉన్నా వెళ్ళదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం రోస్టర్ ప్రకారం హైమ వంతు. డేకేర్ నుంచి పాపకి జ్వరమని ఫోన్ వచ్చింది. ‘చూసుకో’ అని పెట్టింది. ఇమ్మానుయేలు పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. స్కూటీ తీసి వెళ్ళిపోయింది.

అలారం మోగింది. మౌస్ నన్ను కప్పేసింది కాబట్టి నాకు తెర కనిపించదు, శబ్దమే వినిపిస్తుంది. అలారం ఆగలేదు. ఆ వెంటనే టింగ్. మళ్ళీ టింగ్. ఖాళీ గదిలో అది ఎవరో తలుపు కొడుతున్నట్టుంది. నేను చేయగలిగింది తిరగడమే. తిరిగాను. నేను తిరిగినంతసేపూ చుక్క పచ్చగా ఉంది, చుక్క పచ్చగా ఉన్నంతసేపూ చక్రధర్ ఫోన్ మోగలేదు. నా ముల్లు కాసేపు మొరాయించినా చాలు, కబురు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళేది. కానీ ఆ పొద్దున వాడు నాకు నిండా కీ ఇచ్చాడు.

సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండానే తెర చూశాడు. మౌస్ తీసి, గొణుక్కుంటూ పైకి చదివాడు. సూర్యాపేట దగ్గర ఒక ఆసుపత్రి నుంచి ఎవరో టెక్నీషియన్ పంపిన సందేశాలు.

‘సార్, రిక్వెస్ట్ ఇరుక్కుంది. బాలింత. చాలా రక్తం పోతోంది.’

‘సార్ ఉన్నారా?’

‘మీరు ఆన్‌లైన్‌లోనే కనిపిస్తున్నారు సార్.’



బాలింత బతికింది. ఆమె మరిది బైకు మీద హడావిడిగా పక్క ఊరికి వెళ్ళి రక్తం తెచ్చాడట. కానీ ఆసుపత్రి ఫిర్యాదు చేసింది, విచారణ మొదలైంది. రోస్టర్‌లో పేరు హైమది. పసుపుచుక్క హైమది. మర్నాడు చక్రధర్ ఇమ్మానుయేలుకి ఫోన్ చేశాడు.

“నువ్వు సీట్లోనే ఉన్నావని రికార్డు చెబుతోంది. ఇంకో కంప్లయింట్ మీద ఉన్నావా ఏంటి?”

వాడు తడబడ్డాడు. తర్వాత “అవును సార్. అలారం మ్యూట్‌లో పెట్టుకున్నాను,” అన్నాడు.

“అదే అనుకున్నా. నీ రికార్డు బంగారం. ఆ అమ్మాయిదే బాధ్యత లేనితనం. శుక్రవారం తేల్చేస్తాం.”

ఫోన్ పెట్టేసి వాడు నా వైపు చూశాడు. నేను నడుస్తూనే ఉన్నాను.

శుక్రవారం పొద్దున తలుపు తట్టింది సలోమి. హైదరాబాద్‌లో తన నర్సింగ్ బ్యాచ్ వాళ్ళ కలయికకి వచ్చింది. వస్తూనే గది చూసింది, సింకులో గిన్నెలు చూసింది, చివరికి టేబుల్ చూసింది.

“ఇదేంట్రా! నా వాచీ మీద ఎలకని ఎక్కించావ్?”

“ఊరికే అత్తా.”

“ఊరికే ఎక్కుద్దా? నీ మొహం ఏంటట్టా పీక్కుపోయింది? ఇటు రా.” నలభై ఏళ్ళ అలవాటు. మౌస్‌ని పక్కకి తోసి నన్ను తీసుకుంది, రెండో చేత్తో వాడి మణికట్టు పట్టుకుంది.

“అత్తా, నేనో తప్పు...”

“నాడి చూసేటప్పుడు మాట్లాడమాకు.”

నా ముల్లు కింద ఎన్నాళ్ళకో మళ్ళీ ఒక నాడి. అది పరిగెడుతోంది, పట్టుబడిన దొంగలా. ఆమె ముగించి, వదలకుండా మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. అప్పుడు లాప్‌టాప్ టింగ్‌మంది.

“ఎవర్రా?”

“మా మేనేజర్. చుక్క పసుపైందట. సీట్లో లేవేంటని అడుగుతున్నాడు.”

“ఎదురుగానే కూర్చున్నావు గదరా! ఇన్నాళ్ళూ మరి?”

అప్పుడు చెప్పాడు. బస్సులు, పచ్చచుక్క, హైమ, అబద్ధం, అన్నీ. సలోమి మధ్యలో ఒక్క ప్రశ్నే వేసింది.

“ఆ బాలింత బతికిందా?”

“బతికింది.”

“ఆ హైమ?”

“మధ్యాహ్నం మీటింగు. తీసేస్తారు.”

ఆమె తిట్టలేదు. “చేతగావట్లేదని నాకొక్క ఫోను చేస్తే ఏం పోయేదిరా పిచ్చోడా,” అంది మెల్లగా. నన్ను వాడి చేతికి కట్టింది. “నీ నాడి ఎంతో నేను చెప్పను. అది నీకే తెలుసు. వెళ్ళు.”

మీటింగు గదిలో చక్రధర్, హెచ్చార్ మేడం, ఒక మూల హైమ. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. ఇమ్మానుయేలు కూర్చోలేదు. నన్ను విప్పి టేబుల్ మీద పెట్టాడు, చక్రధర్ మౌస్ లాక్కుని నా మీద పెట్టాడు. గోడ మీది పెద్ద తెరలో బాణం గుర్తు తనంతట తాను వణకడం అందరూ చూశారు. 

“ఆ రోజు నేను ఇంట్లో లేను సార్. హైమ నా చుక్క చూసే వెళ్ళింది. తప్పు నాది.”

చక్రధర్ మౌస్ ఎత్తి నా ముఖం చూశాడు. “ఎన్నాళ్ళ నుంచి?”

“చాలా నెలలుగా.”

“మరి... ఒత్తిడి క్లాసు సర్టిఫికెట్?”

“అదీ దీనిదే సార్.”

హెచ్చార్ మేడం దగ్గినట్టు చేసి నవ్వు దాచుకుంది. హైమ మాత్రం నవ్వలేదు. లేచి వాడి ఎదురుగా నిలబడింది.

“నాకొక్క మాట చెప్పకపోతివి ఇమ్మూ. ఇసుగొస్తుందని చెప్తే నీ షిఫ్టు గూడ నేనే చూస్కుందును. నేను చుక్కను నమ్మి పోలే. అటు దిక్కు నువ్వున్నవని పోయిన.”

వాడు తల దించుకున్నాడు. క్షమించమని అడిగాడు. ఆమె బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె ఉద్యోగం నిలిచింది, వాడిది పోయింది. నన్ను ఇమ్మని అడిగాడు. కుదరదని చెప్పి కవర్లో వేశారు.

బీరువాలో మర్నాటికల్లా ఆగిపోయాను. తలుపు సందులోంచి మాటలు మాత్రం చేరేవి. ఇమ్మానుయేలు ఏలూరులో అత్త దగ్గర ఉన్నాడట, మొదట కొన్నాళ్ళు అన్నానికి తప్ప లేవకుండా నిద్రపోయాడట. ఒకరోజు హైమే హెచ్చార్ మేడంతో ఈ మాట చెప్పింది. అంటే ఆమె ఫోన్ చేసి కనుక్కుందన్నమాట. వాడు దాచిన ప్రోగ్రాం ఇప్పుడు ఆ బటన్‌ని దానంతటదే నొక్కుతోంది. తయారుచేసింది తనే అని చక్రధర్ పైవాళ్ళకి చెప్పుకున్నాడట. మనుషులు గడియారాల కన్నా తెలివైనవాళ్ళు.

నిన్న భోజనాల వేళ, హెచ్చార్ గది ఖాళీగా ఉన్నప్పుడు, బీరువా తలుపు తెరుచుకుంది. చక్రధర్. కళ్ళ కింద నల్లటి చారలు, చొక్కా నలిగి ఉంది. ఆయన చుక్కని కూడా పైనున్నవాళ్ళు ఎవరో చూస్తారని నాకు అప్పటిదాకా తోచలేదు. కవర్ చింపి నన్ను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన మీద జాలేసింది. అలాంటి ముఖం నాకు కొత్త కాదు.

కీ ఇవ్వడం మొదలుపెట్టాడు. నాలో ప్రాణం కదిలింది, ముల్లు నడక అందుకుంది. నిండాక బిగుసుకున్నాను. ఇక చాలు అని నేను చెప్పగలిగిన భాష అదొక్కటే. ఆయనకి ఆ భాష ఎవరూ నేర్పలేదు. ఇంకా తిప్పాడు.

లోపల టప్‌మని స్ప్రింగు తెగింది.

అది తెగిందో, నేనే తెంపుకున్నానో చక్రధర్‌కి తెలియదు. ఆయన నన్ను కవర్లో వేసి, బీరువా మూసి, నెమ్మదిగా తన సీటుకి వెళ్ళిపోయాడు.

ఈసారి ఆగాను.