నలుగురూ ఒక్కసారే పాడిన విశ్వాసప్రమాణం

పూజ ముప్పావుగంటకు మించకూడదని అగ్రపీఠాధిపతిగారు ఆజ్ఞ పంపారు. పండగపూట కూడా అంతే. ఆ కాగితాన్ని ఫాదర్ కోర్బీనియన్ చదివి వినిపించిన తీరు చూస్తే, ఈయనే రాసి సంతకానికి పంపాడేమో అనిపించింది వాల్‌బుర్గాకి. ఫాదర్ దగ్గర ఒక జేబు గడియారం ఉంది. అది కొన్ననాటి నుంచీ ఆయన కంటికి లోకంలో ప్రతిదీ ఆలస్యంగానే నడుస్తోంది.

"మేష్టారూ, వచ్చే నెలే గుడి పండగ. ఆ రోజు మీ పాట వల్ల పూజ ముప్పావుగంట దాటిందా, ఆ పై ఆదివారం నుంచి పాటగాళ్ళ మేడ ఖాళీ చెయ్యాలి. జనమే కింద కూర్చుని జర్మన్‌లో పాడుకుంటారు" అన్నారాయన, గుడి మెట్ల మీద నిలబడి.

కిలియన్ మేష్టారు తల వంచాడు. ఆ ఊళ్ళో బడిపంతులంటే బళ్ళో పాఠం చెప్పడమే కాదు, గుళ్ళో ఆర్గన్ వాయించాలి, పాటగాళ్ళని తయారుచెయ్యాలి, గంటలు కొట్టాలి, ఫాదర్ ఏమన్నా తల వంచాలి. ఆయన భార్య వాల్‌బుర్గాకి మాత్రం ఆ ఉద్యోగం లేదు కనక తల వంచలేదు.

పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఆ మేడ మీద ఆల్టో పాడుతోంది. ఆల్టో అంటే ఆడగొంతుల్లో కిందిది. ఉన్నప్పుడు ఎవరూ గమనించరు, లేకపోతే పాట కుంటుతుంది. ఇంట్లో ఆమె గొంతు "బూట్లు విప్పి రా", "జావ చల్లారిపోతోంది" లాంటి వాటికే పనికొస్తుంది. గుళ్ళో కింద బెంచీల మీద కూర్చునే ఆడవాళ్ళ గొంతులతో ఎవరికీ పనే లేదు. ఆ మేడ చెక్కమెట్లు దిగొచ్చి మళ్ళీ ఎక్కకుండా బతకడం తనవల్ల కాదనుకుంది. అనుకున్నాక ఇక అందులో ఆలోచించడానికేమీ కనబడలేదామెకి.

పండగ కోసం కిలియన్ చలికాలమంతా కూర్చుని కొత్త పూజ పాట కట్టాడు. అందులో విశ్వాసప్రమాణం ఒక్కటే పధ్నాలుగు నిమిషాలు. దాని చివర "ఆమెన్" అనే మాట పట్టుకుని నాలుగు గొంతులూ ఒకదాన్నొకటి తరుముకుంటూ అయిదు నిమిషాలు పరిగెడతాయి.

"కోసెయ్యండి" అంది వాల్‌బుర్గా.

"దేన్ని?"

"ఆమెన్‌ని."

"నా ఆమెన్‌నా! అది కట్టడానికి నాకు రెండు నెలలు పట్టిందే!"

"వినడానికీ అలాగే ఉందండి."

రెండు రోజులు అన్నం సహించక, మూడో రోజు కోసేశాడు. ఇంకా తొమ్మిది నిమిషాలుంది. నాలుగుకి తేవాలి. విశ్వాసప్రమాణమా, నమ్మేవాటి జాబితా, చాంతాడంత ఉంటుంది. అందులో ఒక్క మాట వదిలినా పెద్ద తప్పు.

ఆ గురువారం సాధనకి పాటగాళ్ళు ఇంటికొచ్చారు. మంద్రగొంతు పాడే ఫైట్‌కి ఊళ్ళో బీరు బట్టీ ఉంది. మగగొంతుల్లో పైది రూపర్ట్‌ది, వాడు నది మీద ఉప్పు పడవలు నడుపుతాడు. ఆడగొంతుల్లో పైది వాల్‌బుర్గా కూతురు నోట్‌బుర్గాది. వాల్‌బుర్గా బల్ల మీద రొట్టె ఉండలూ, పులిసిన క్యాబేజీ పెట్టింది.

"పంతులమ్మగారూ, ఈసారి బార్లీ మొలక బూజు పట్టింది" అంటున్నాడు ఫైట్. "అమ్మా, నా తెల్ల మేజోడు ఒకటే ఉంది" అంటోంది కూతురు. "నీళ్ళు తగ్గాయి, పడవ రాళ్ళకి కొట్టుకుంటోందండీ" అంటున్నాడు రూపర్ట్. "అసలు సంగీతమనేది..." అంటున్నాడు కిలియన్.

"బూజు పట్టినవి పందులకెయ్యి. రెండో మేజోడు చిలక్కొయ్యకి వేలాడుతోంది. పడవలో బరువు తగ్గించుకో. మీరు ముందు తినండి" అంది వాల్‌బుర్గా. అని, చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఆగిపోయింది. "ఏమండీ! మీరు నలుగురూ ఒక్కసారే మాట్లాడారు. నాకు ఒక్క ముక్క కూడా పోలేదు."

"అయితే?"

"విశ్వాసప్రమాణం కూడా అలాగే పంచెయ్యండి. నలుగురికీ తలో వాక్యం, అందరం ఒక్కసారే పాడతాం."

"ఎవరికర్థమవుతుందే?"

"ఇప్పుడెవరికర్థమవుతోంది, లాటిన్‌లో? ఫాదర్‌కీ దేవుడికీ. ఊరంతా ఒక్కసారే మొరపెట్టుకుంటే వినే దేవుడు, నలుగురివి వినలేడా?"

"పట్నంలో పెద్ద గుళ్ళో కూడా ఇలాగే చేస్తున్నారండీ, నేను విన్నా" అన్నాడు రూపర్ట్. పట్నంలో చేస్తున్నారన్నాక కిలియన్ కలం తీశాడు.

ఆయన కట్టిన పాటని నాలుగు గొంతులకీ విడివిడి కాగితాల్లోకి ఎక్కించడం ఎప్పుడూ వాల్‌బుర్గా పనే. ఒక చేత్తో ఉండలు కలియబెడుతూ, ఒక చేత్తో వాక్యాలు పంచింది.

పండగ రోజు గుడి కిక్కిరిసింది. విశ్వాసప్రమాణం వచ్చినప్పుడు, ఫాదర్ పీఠం దగ్గర తన మట్టుకు తాను చదువుకుని, వెళ్ళి కుర్చీలో కూర్చుని, పైన పాట అయ్యేదాకా ఒక కునుకు తియ్యడం రివాజు. ఆ వేళ ఆయన చదువు ముగించి, వస్త్రం సర్దుకుని, కుర్చీలో కూర్చోబోతూ సగం వంగేసరికి, పైనుంచి "ఆమెన్" వినబడింది. ఒక్కటే ఆమెన్. ఆయన కూర్చోవాలో లేవాలో తెలియక కాసేపు అలాగే వంగి ఉన్నారు. ఊరంతా చూసింది.

పూజ ముప్పై ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది.

జనం వెళ్ళిపోయాక ఫాదర్ రొప్పుతూ మేడ ఎక్కారు. "ఎక్కడో ఎగ్గొట్టారు. నాలుగు కాగితాలూ ఇలా తెండి!"

కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఒక్కొక్క వాక్యమే దొరకబుచ్చుకుంటూ వెళ్ళారు. ఇది ఫైట్‌ది. ఇది అమ్మాయిది. చివరికొచ్చి వేలు ఆగింది.

"మృతులు తిరిగి లేస్తారని ఎదురుచూస్తున్నాను. ఈ వాక్యమేదీ? నలుగురిలో ఎవరి దగ్గరా లేదే!"

వాల్‌బుర్గాకి అప్పుడు గుర్తొచ్చింది. కాగితాలు రాస్తుంటే సరిగ్గా ఆ వాక్యం దగ్గరే ఉండల గిన్నె పొంగింది. దింపొచ్చి, దాని తరవాతిదైన "రాబోయే లోకం" అనే మాట దగ్గర నుంచి మళ్ళీ అందుకుంది. లేవాల్సిన మృతులు పొయ్యి దగ్గరే ఉండిపోయారు. ఫైట్‌దనుకుంది తను, ఫైట్ రూపర్ట్‌దనుకున్నాడు.

ఆమె చెక్కమెట్ల వంక ఒకసారి చూసింది.

"అది నేను పాడాను, ఫాదర్."

"కాగితంలో లేదు!"

"పద్దెనిమిదేళ్ళుగా పాడుతున్నదాన్ని, నాకు కాగితమెందుకండీ?"

"అయితే పాడు, ఏదీ!"

కిలియన్ భార్య మొహం చూశాడు. కుదించిన పాటలో ఆ వాక్యానికి ఆల్టో రాగమేదీ తను కట్టలేదని ఆయనకి తెలుసు. ఆర్గన్ మీద చేతులు పెట్టి ఒక స్వరం అందించాడు.

వాల్‌బుర్గా పాడింది. తొందరపడలేదు. తోడుగా వేరే గొంతు లేక, పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఆ గొంతు ఒక్కటే గుడంతా తిరిగింది, నేలలో రాతిపలకల కింద సమాధుల్లో పడుకున్నవాళ్ళ మీదుగా కూడా. వెళ్ళబోతూ పెట్టుకున్న టోపీ ఫైట్ మళ్ళీ ఎప్పుడు తీశాడో వాడికే తెలీదు.

"ఇంత బావుంటే నాకు వినబడలేదేం?" అన్నారు ఫాదర్.

"మిగతా ముగ్గురూ కూడా పాడుతున్నారు కదండీ."

ఫాదర్ నాలుగు కాగితాలూ సరిచేసి ఆమె చేతికిచ్చారు. "ముప్పై ఎనిమిది నిమిషాలు. సరే, ఉండండి మేడ మీదే" అని మెట్లు దిగిపోయారు.

ఇంటికెళ్ళే దారిలో కిలియన్ అడిగాడు, "ఆ రాగం ఎక్కడిదే?"

"మీదే. కోసి పారేశారు చూడండి, ఆమెన్‌లో ముక్క. నేను పారెయ్యలేదు."

గుమ్మం దగ్గర ఆయనే తలుపు తీసి, ముందు ఆమెని వెళ్ళనిచ్చాడు.

శనివారం వాల్‌బుర్గా తన పాపాలు ఫాదర్‌కి చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళింది. ఊరికి ఉన్నది ఒక్క ఫాదరే కనక, జాలీ అవతల కూర్చున్నదీ ఆయనే. అక్కడ విన్న మాట పట్టుకుని ఆయన బయట వేలు కూడా కదపడానికి లేదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

"గుళ్ళో ఒక పెద్దమనిషితో అబద్ధం చెప్పానండీ, ఫాదర్."

అవతల జేబులో గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"ఎన్నిసార్లు?"

"మాటల్లో ఒకసారి. పాటలో ఒకసారి."

"పశ్చాత్తాపపడుతున్నావా?"

"అబద్ధానికి పడుతున్నానండీ."

ఫాదర్ దగ్గారు. అది నవ్వు కాదనే చెప్పుకోవాలి. "ప్రాయశ్చిత్తంగా విశ్వాసప్రమాణం నాలుగుసార్లు చెప్పుకో" అన్నారు. ఆమె లేవబోతుంటే జాలీకి దగ్గరగా వంగి, "ఒకదాని తరవాత ఒకటి" అన్నారు.