సీలేరు బస్సులో తోకోడి పెళ్లి

సీలేరు ప్రాజెక్టు కాలనీలో నర్సుగా పనిచేసే రాజకుమారికి వేరే గ్రహాల కథలంటే పిచ్చి. ఇంగ్లీషులో చదివితే మందుసీసా మీది కాగితం చదివినట్టే ఉంటుంది ఆమెకు. కథంటే తెలుగులోనే ఉండాలి. అలాంటి అనువాదాలు విశాఖలో దొరకడమే గగనం. ఎట్టకేలకు ఒక పాత పుస్తకాల షాపువాడు, రెండు సూర్యుళ్లున్న గ్రహానికి వెళ్లిన కెప్టెనమ్మ నవల ఒకటుందని ఫోన్లో చెప్పాడు. రాజకుమారికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే విశాఖ బస్సు కండక్టరు వరహాలరావును ఆ పుస్తకం తెచ్చిపెట్టమంది.

“అదెంత పని సిస్టరమ్మా! రేపు సాయంత్రానికి మీ సేతిలో ఉంటాది.”

మర్నాడు బస్సొచ్చింది, పుస్తకం రాలేదు. సంచీ ఇంటికాడ మరిసిపోనానన్నాడు. ఆ తర్వాత మళ్లీ వచ్చినప్పుడు ఆమెను చూసి వెనక తలుపులోంచి దిగి జారుకున్నాడు.

సంగతేమిటో అల్లం అమ్ముకునే గంగ కాలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు బయటపడింది.

“సిస్టరమ్మా, ఆ తోకోడు మంచోడేనా? కెప్టెనమ్మని మోసం సేత్తాడేటి?”

“ఏ తోకోడు?”

“అదే, రెండు సూర్యుళ్ల ఊరోడు, తోకున్నోడు! సింతపల్లి దాటినకాడి నుంచి వరహాలరావు అదే కదా సెప్తన్నాడు!”

రాజకుమారి కట్టు కట్టడం ఆపేసింది. తను పేజీ తిప్పకముందే తన కథ ఊరంతా తిరుగుతోంది! అప్పటినుంచి సూది వేయించుకునేవాడూ, మాత్ర అడిగేవాడూ తోకోడి కబురే. కథ ముందే తెలిసిపోకుండా ఆమె చెవుల్లో దూది కుక్కుకుంది. దగ్గుతో వచ్చిన ముసలాయన మాట వినబడక ఆయన మోకాలికి మందు రాయబోయి, చీవాట్లు తింది.

ఇక లాభం లేదని బస్టాండులో మాటువేసి వరహాలరావును పట్టుకుంది. అతను పుస్తకం కళ్లకద్దుకుని ఇచ్చాడు.

“సగమే సదివానమ్మా. కళ్లజోడు ఇరిగిపోనాది. జనం ఊరుకోరు కదా, మిగతాది నేనే అల్లేసినాను.”

“ఏమని?”

“తోకోడు తోక కత్తిరించేసుకుని కెప్టెనమ్మని పెళ్లాడినాడు. అన్నవరంలో వ్రతం కూడా సేయించీసినాను.”

ఆదివారం వంట మానేసి చదివింది రాజకుమారి. అసలు కథలో పెళ్లే లేదు. తోకోడు తన గ్రహం మీదే ఉండిపోయాడు, కెప్టెనమ్మ ఒంటరిగా తిరిగొచ్చింది. రాజకుమారి తనివితీరా ఏడ్చింది. అంత మంచి ముగింపు జనానికి తెలియకపోతే ఎలా? సోమవారం మందుల కోసం చింతపల్లి వెళ్తూ బస్సులో లేచి నిలబడి మొత్తం చెప్పేసింది.

జనం మొహాలు చిట్లించారు. వెనక సీట్లోంచి గంగ అంది: “అంత దూరం ఎల్లి ఉత్త సేతుల్తో వచ్చీసిందా? రాసినోడికేటి తెలుసు!”

“వరహాలరావుదే కరెట్టు,” అన్నాడు డ్రైవరు, తల తిప్పకుండానే.

రాజకుమారి కోపంగా వరహాలరావు వైపు చూసింది. అతను గంభీరంగా టిక్కెట్టు చించి ఇచ్చాడు. “అచ్చుతప్పు పడుంటాదమ్మా.”

మూతి బిగించుకుని కిటికీలోంచి కాఫీ తోటలు చూస్తూ కూర్చుంది. నాలుగు మలుపులు తిరిగేసరికి ఆగలేకపోయింది.

“అది సరే బాబాయ్, పెళ్లికి తోకోడి తరఫువాళ్లు ఎవరెవరొచ్చారు?”

“సెప్తాను, ఓ పిసరు జరగండి,” అంటూ వరహాలరావు పక్కన కూలబడ్డాడు.