మూడో అంతస్తు స్టూలుకు హారతి

నేను ఒక స్టూలును. నవ్వకండి. సింహాసనాల చరిత్ర రాయడానికి చాలామంది ఉంటారు. నా చరిత్ర రాసేవాళ్ళు లేరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

బెజవాడ ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో పుట్టాను. నాలుగు ఇనుప కాళ్ళు, పైన గుండ్రటి స్టీలు పీట. నిప్పురవ్వల మధ్య పుట్టినదాన్ని కదా, కాస్త పొగరెక్కువే. ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి నన్ను కొని ముందు ఇంజెక్షన్ల గదిలో పెట్టింది. మీసాలు మెలేసినవాళ్ళు కూడా సూది కనపడగానే నా అంచు పట్టుకుని కళ్ళు మూసుకునేవారు. తరవాత మూడో అంతస్తులో ఆడవాళ్ళ వార్డుకు పంపారు. అక్కడి నర్సులు మందులిచ్చి, సెలైన్లు మార్చి, కాసేపు నా మీద కూర్చుని కేసు షీట్లు రాసుకునేవారు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరని అంటారు. వార్డును మోసేవాళ్ళు వాళ్ళు, వాళ్ళను మోసేదాన్ని నేను.

అలాంటి రోజుల్లో కులశేఖర్ గారు కొత్త జనరల్ మేనేజరుగా వచ్చారు. ఆయన గదిలో గోడ నిండా వార్డుల్ని చూపించే సీసీ కెమెరా తెరలు. తిరిగే కుర్చీలో వెనక్కి వాలి వాటినే చూస్తూ ఉండేవారు.

"సిస్టర్లు కూర్చుంటే పేషెంట్ల బంధువులకి పని లేనట్టు కనపడుతుందమ్మా. మన ఇమేజ్ ఏం కావాలి?" అన్నారు హెడ్ నర్సుతో.

అంతే, అన్ని అంతస్తుల స్టూళ్ళనూ జనరేటరు గది వెనక తుక్కులో వేయించారు. విరిగిన మంచాల మధ్య తలకిందులుగా పడి ఉన్నాను. ఏడుపొచ్చింది. పని అయిపోయి మూలపడడం వేరు, పైన పని ఉండగా పడి ఉండడం వేరు.

అయితే అక్కడికి కెమెరా రాదు. అందుకే మధ్యాహ్నం పూట మా వార్డు సిస్టర్లు ఎస్తేరూ, నీలవేణీ క్యారేజీలు పట్టుకుని ఆ తుక్కులోకే వచ్చేవారు. ఎస్తేరు నన్ను నిలబెట్టి నీలవేణిని కూర్చోబెట్టేది. నీలవేణి కడుపుతో ఉంది. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు.

"జీఎం గారిని అడిగానక్కా. నిలబడలేకపోతే రాజీనామా ఇచ్చి ఇంటికెళ్ళమన్నారు. ఎంత కష్టపడి చదివానక్కా ఈ ఉద్యోగం కోసం" అని ఒకరోజు ఆమె ఏడ్చింది.

"నువ్వు మానెయ్యమాక. చూద్దాం" అంది ఎస్తేరు.

దసరా వచ్చింది. మహర్నవమి నాడు ఆసుపత్రిలో ఆయుధపూజ ఆనవాయితీ. ఫొటోలు బాగా రావాలని కులశేఖర్ గారే ఉత్తరువు వేశారు: ప్రతి విభాగమూ తన పనికి అతి ముఖ్యమైన పరికరాన్ని అలంకరించాలి, చైర్మన్ గారు స్వయంగా వచ్చి కొబ్బరికాయ కొడతారు. డ్రైవర్లు అంబులెన్సులకు అరటిపిలకలు కట్టారు. ఎక్స్‌రే మిషనుకు గుమ్మడికాయ వేలాడింది.

ఎస్తేరు నన్ను చంకనెత్తుకుని మెట్ల మీదుగా పైకి తెచ్చింది. సబ్బుతో కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసింది. ఆమె మెడలో సిలువ గొలుసు ఊగుతూనే ఉంది. ఆ సర్దుబాటేదో దేవుళ్ళు చూసుకుంటారు, నాకెందుకు?

చైర్మన్ గారు పెద్దాయన, ఒకప్పటి సర్జను. నన్ను చూసి ఆగిపోయారు.

"ఇదేంటమ్మా, స్టూలుకి పూజేంటి?"

"మా పనికి ముఖ్యమైంది పెట్టమన్నారండి. తీసుకెళ్ళి తుక్కులో పడేశాకే దీని విలువ తెలిసొచ్చింది" అంది ఎస్తేరు.

కులశేఖర్ గారు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటూ ఇమేజ్ గురించి ఏదో చెప్పబోయారు. కిటికీ పక్క మంచం మీది ముసలామె అడ్డొచ్చింది.

"ఆ పిల్ల కడుపుతో ఉందయ్యా. పొద్దస్తమానం నిలబెడతన్నారు. కూర్చుంటే మాకేం తప్పుగా కనపడదు గానీ, ఆ కాళ్ళ వాపు మాత్రం కనపడతానే ఉంది."

చైర్మన్ గారు నీలవేణి పాదాల వంక చూశారు. నా ముందుకొచ్చి కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు కులశేఖర్ గారి మెరిసే బూట్ల మీద చిందాయి. కర్పూరం వెలిగింది.

"హారతి తీసుకోండి కులశేఖర్ గారూ."

తీసుకున్నారు. రెండు చేతులా కళ్ళకద్దుకున్నారు. ఎవరి హారతి? నా హారతి.

"పూజ చేసినదాన్ని తుక్కులో వెయ్యం కదా?"

"వెయ్యం సార్."

"మిగతా అంతస్తులవి కూడా తెప్పించండి. నువ్వు కూర్చోమ్మా."

నీలవేణి కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఇవాళ పూజలో ఉందండీ, వాడకూడదు. రేపు దశమి నాడు కూర్చుంటాను."

మర్నాడు పొద్దున్నే నా తోటి స్టూళ్ళన్నీ లిఫ్టెక్కి దర్జాగా పైకొచ్చాయి. నీలవేణి డ్యూటీకి వచ్చి, కెమెరా ఎదురుగానే నన్ను జరుపుకుని, "అమ్మయ్య" అంటూ కూర్చుంది. లోపల బిడ్డ కాలు విదిల్చినట్టుంది, ఒక్కసారి నవ్వి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఆటోనగర్ ఇనుమును, బరువు నాకొక లెక్క కాదు. అయినా చెబుతున్నాను, ఆ పొద్దున నేను మోసింది ఇద్దరిని.