మూడింటికి మూసే కొండ

గవర్నర్‌పేటలో పొద్దున్నే బయలుదేరి, ఉండవల్లి గుహలూ మంగళగిరీ చూపించి సాయంత్రానికి దింపేసే వ్యాను మాది. ఆరోన్ బండి నడుపుతాడు, నేను నోరు నడుపుతాను. బ్రేకులు బండికే ఉన్నాయి.

ఆ రోజు ముందు సీట్లో బందరు వైపు నుంచి వచ్చిన పేరమ్మ గారు బెల్లం మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వేసవికి ముందు ఆవిడ భర్త పడవ ఇంజను ఆగిపోయి నాలుగు రోజులు సముద్రంలో చిక్కుకుంటే, మంగళగిరి కొండ మీది స్వామికి పానకం పట్టిస్తానని మొక్కుకున్నారట. వేసవిలో పెట్టే చేపల వేట నిషేధం ఆ రోజుతో సరి. మర్నాడు ఆయన మళ్లీ పడవెక్కాలి. ఈలోగా మొక్కు తీరాలి.

కొండ మీది గుడి మూడింటికి మూసేస్తారు. ఆ తర్వాత దేవతలు వచ్చి పూజ చేసుకుంటారని నమ్మకం. నాకు తెలియనిది కాదు, రోజూ మైకులో చెప్పేదే.

ఉండవల్లి గుహలో, పడుకున్న అనంతపద్మనాభుడి ముందు నిలబడ్డాను. "లీవు లెటరు లేకుండా ఇన్ని వందల ఏళ్లు పడుకున్నది ఈయనొక్కడేనండీ! మా ఆవిడ నన్ను అరగంట పడుకోనివ్వదు!"

అందరూ పడీపడీ నవ్వారు. కింద నుంచి ఆరోన్ ఫోను.

"కిరీటన్నా, రెండైంది. పెద్దావిడ మొక్కుంది కదా, దిగండి."

"ఊరి పేరే ఉండవల్లి! కాసేపు ఉండవలసిందే!" అన్నాను, అందరికీ వినపడేలా. చప్పట్లు. ఇంకో నలభై నిమిషాలు వాయించాను. అందరికంటే ఎక్కువ నవ్వింది పేరమ్మ గారే.

వ్యాను మంగళగిరి కొండెక్కేసరికి మూడుంపావు. తలుపులు వేసేశారు. ఆవిడ మూట పట్టుకుని మళ్లీ వ్యానెక్కి అందరివైపూ తిరిగారు.

"నా వల్లేనమ్మా ఆలస్యం. ఆ గుహ మెట్లు దిగటానికి మోకాళ్లు రాలా. ఏమనుకోమాకండి."

మైకు తీసుకున్నాను. "ఆవిడ మోకాళ్ల వల్ల కాదండీ, నా నోటి వల్ల. రెండింటికే ఆరోన్ చెప్పాడు. నేనే కదల్లేదు."

ఇదీ జోకే అనుకుని వ్యానంతా ఘొల్లున నవ్వింది. "అయితే గుడి తాళం మీ నోటికెయ్యాలి!" అని వెనక సీటాయన. పేరమ్మ గారూ నవ్వారు. "ఊరుకో బాబూ, నా కోసం నింద నెత్తినేసుకుంటావేంటి."

ఇంటికి ఫోన్ చేశారు. "ఏమయ్యా, పానకం పట్టించలేకపోయా. నా కాళ్ల వల్లే..."

అవతల నుంచి భర్త రామాంజనేయులు గారి కేకలు నా దాకా వినిపించాయి. "ఆ కాళ్లేసుకుని తిరగమాకని ఎన్నిసార్లు చెప్పా!"

ఫోను అడిగి తీసుకున్నాను. "అయ్యా, నేను గైడుని. ఆవిడ తప్పేం లేదు. జోకులేస్తూ నేనే టైము దాటించాను."

ఆయన నవ్వలేదు.

"రేపు పొద్దున తలుపు తియ్యగానే మీరే దగ్గరుండి పట్టించండి," అన్నాడాయన. "అందాకా పడవ దించను. నాతో పాటు ఎనిమిదిమంది ఒడ్డునే ఉంటారు."