అక్కీచు

నిఘంటువు కార్యాలయంలో ఆమెది పదాల పుట్టుక రాసే పని. "అక్కీచు" దగ్గర మూడు వారాలుగా ఆగిపోయింది. ఇనుము ఇనుముతో ఒరుసుకుని పళ్లు జివ్వుమనిపించే చప్పుడని దాని అర్థం. ఆ మాట వాడేది ఒక్క రేకుల కార్ఖానాలోనే. కీచుకు ముందు ఆ "అక్" ఎక్కణ్ణించి వచ్చిందో ఏ పాత పుస్తకంలోనూ లేదు.

చివరికి కార్ఖానాకే వెళ్లింది. ఫోర్‌మన్ ఆమెను రేకులు కత్తిరించే మిషను దగ్గరికి తీసుకెళ్లాడు. రేకు అడ్డం తిరిగి బ్లేడు కీచుమంది. "అక్కీచు!" అని ఎవరో అరిచారు. పదిమందీ ఒక్కసారిగా చేతులు వెనక్కి లాక్కున్నారు.

"ఉత్త చప్పుడు పేరనుకున్నాను" అందామె.

"చేతులు తియ్యమని కూడా అండీ. మేం చేరేసరికే ఉందీ మాట. పెద్దాయన్ని అడగండి, మాకు ముందు ఈ మిషను నడిపింది ఆయనే. నోరు విప్పితే మీ అదృష్టం."

పెద్దాయన ఇల్లు వెనక సందులోనే. తలుపులు, కిటికీలు, బీరువా, అన్నిటి మడతబందుల్లోనూ నూనె కారుతోంది. వంటింట్లో పింగాణీ గిన్నెలు, చెక్క గరిటెలు తప్ప లోహమన్నది కనపడలేదు.

ఆమె మాట పూర్తికాకముందే ఆయన చెయ్యెత్తాడు.

"ఆ మాట నా ఇంట్లో అనకమ్మా."

క్షమించమని లేవబోయింది.

"కూర్చో. ఇన్నేళ్లూ అందరూ అనడమే గానీ అడిగినవాళ్లు లేరు. మా అక్కా నేనూ ఒకే మిషను మీద ఉండేవాళ్లం. తను రేకు తోసేది, నేను మీట వేసేవాణ్ణి. ఆ రోజు రేకు ఇరుక్కుంది. సవరిద్దామని చెయ్యి పెట్టింది. మీట నా చేతిలోంచి జారింది. 'అక్కా' అని అరిచాను. అప్పటికే బ్లేడు కీచుమంటోంది. రెండు అరుపులూ కలిసి అక్కడున్నవాళ్లకి ఒకే మాటగా వినపడ్డాయి."

"ఆవిడకి?"

"వినపడలేదమ్మా. వినపడితే చెయ్యి తీసేది. మూడోరోజు ఆసుపత్రిలో పోయింది."

వారం తర్వాత బ్లేడు మళ్లీ కీచుమంటే ఎవరో భయంతో ఆ మాటే అరిచారట. అందరూ చేతులు తీశారట. ఆ తర్వాత ముప్పయ్యేళ్లు, తన గొంతు పరాయివాళ్ల నోళ్లలో వింటూ ఆయన అక్కడే పనిచేశాడు.

"వద్దని చెప్పలేకపోయారా?"

"ఎలా చెప్తాను? అప్పట్నుంచి అక్కడ ఒక్క వేలు కూడా తెగలేదు."

ఆమె కలం తీసి అడిగింది. "పుట్టుక రాయమంటారా, వద్దా?"

"రాయి. ప్రమాదమని మాత్రం రాయకు. పిలుపని రాయి."

మర్నాడు ఆమె ఆ మాట పుట్టుక రాసిన కార్డును సంపాదకుడి ముందు పెట్టింది. ఉచ్చారణ సరిచూసుకోవడానికి ఆయన ప్రతి మాటనూ పైకి చదివించుకుంటాడు.

"ఏదీ, చదువు."

ఆమె నోరు తెరిచింది. "అక్కా" అని మొదటి సగం మాత్రం పలికి, కార్డును ఆయన వైపు తిప్పింది.