తొడుగు బండి

సకల జనుల సమ్మె మొదలైన వారంలనే రాజేందర్ పాత బండి తొర్రూరు దాటినంక నడిరోడ్డు మీద ఆగిపోయింది. ట్రాలీ ఆటోల వేసుకొని మానుకోట తెచ్చి మెకానిక్ భద్రు ముందర దించితే, ఆయన ఇంజను విప్పి చూసి, ఇగ దీనికి దండం పెట్టుమన్నడు.

రాజేందర్‌ది మందుల కంపెనీల రిప్రజెంటేటివ్ నౌకరి. బ్యాగు భుజానికేసుకొని జనగామ, మానుకోట, భూపాలపల్లి డాక్టర్ల చుట్టు తిరిగేటోడు. ముందే కాలు నిలువని మనిషి. పెద్దవంగర పక్కపొంటి తండాల ఉండే ఆయన తండ్రి హీర్యా, చిన్నప్పటినుంచే వీన్ని గుంజకు కట్టేసినా గుంజతోని పోతడు అనేటోడు. అసొంటోనికి బండి లేదు. బస్సులు డిపోల్లనే ఉన్నయి. బడులు బంద్, ఆఫీసులు బంద్. ఆయన భార్య సంగీత సర్కారు బడి పంతులమ్మ. ఆమె పొద్దుగాలనే బువ్వ వండిపెట్టి, తోటి టీచర్లతోని సమ్మె టెంటుకు పోయేది.

రాజేందర్‌ది ప్రైవేటు కొలువు, దానికి సమ్మె లేదు. మేనేజరు రోజూ ఫోన్ చేసి ఎంతమంది డాక్టర్లను కలిసినవని అడిగేటోడు. జవాబు చెప్తే, మీ భాష సగం అర్థం కాదయ్యా అని నవ్వేటోడు. ఫోన్ పెట్టేసినంక రాజేందర్ గడప లోపలికొకసారి, బయటికొకసారి తిరిగేటోడు. టెంటుల కూసుందామంటే నౌకరి పోతదని బుగులు. తిరుగుదామంటే, ఊరంత సమ్మెల ఉంటే నేనొక్కన్నే సంచి పట్టుకొని పోతున్ననని సిగ్గు.

భద్రు దగ్గర అమ్మకానికి ఒక నల్ల బండి ఉండె. ఇంజను, పైపులు, అన్ని కండ్ల ముందర కనబడే ఉత్త బండి. నిటారుగ కూసోవచ్చు, వెనుక సీటు వెడల్పు, చీర కట్టుకున్న మనిషి కూడ కూసోవచ్చు. కింద పడ్డా హ్యాండిల్ వంగుతది, సుత్తెతోని రెండేట్లు వేస్తే సాపయితది. సంగీత చూసి ఇదే తీసుకుందామన్నది. రాజేందర్ కూడ సరే అన్నట్టే తలూపిండు.

తెల్లారి జనగామల పనుండి జీపుల పోయినోడు, కిరాణ హోల్‌సేల్ దుకాణం రాజేశం సేటు వాకిట్ల ఎర్ర బండిని చూసిండు. ముందరి లైటు కాడినుంచి ఇంజను కింది దాకా మెరిసే ప్లాస్టిక్ తొడుగు. దాన్ని ఫెయిరింగ్ అంటరని రాజేందర్‌కు ఎరుకే. చిన్న అద్దం ఎనుక తలకాయ వంచుకొని కూసుంటే గాలి పైకెళ్లి పోతదట. ఆ బండి రాజేశం కొడుకు సాయితేజది. డిగ్రీ చదివే పిలగాడు. ప్రతి ర్యాలీల ఆ బండి ముందల నడిచేది. పిలగాని మీద ఒక కేసు కూడ అయ్యింది.

"బండి ఇంట్ల ఉన్నన్నాళ్లు పోరడు ఇంట్ల ఉండడు. తీస్కపో రాజేందరూ. కొన్నొద్దులు తోలి చూడు, నచ్చితెనే మాట్లాడుకుందాం" అన్నడు రాజేశం.

సాయితేజ మెట్టు మీద నిలబడి చూస్తున్నడు. రాజేందర్ బండి ఎక్కినంక మాత్రం దగ్గరికొచ్చి, మెల్లగ తిప్పేటప్పుడు జర బరువనిపిస్తది అన్నా, జాగ్రత్త అని చెప్పి లోపలికి పోయిండు.

ఆ రోజు హైవే మీద రాజేందర్‌కు ఎన్నడు లేని సుఖమనిపించింది. లారీలు లేవు, బస్సులు లేవు. అద్దం ఎనుక తల వంచితే గాలి చప్పుడు ఆగి, ఇంజను పాట ఒక్కటే వినబడేది. మేనేజరు లేడు, సిగ్గు లేదు, బుగులు లేదు. కాని మానుకోట చేరేవరకు మణికట్లు గుంజబట్టినయి. ఇంటి ముందర సంగీత ఎనుక సీటు చూసి, అది సీటా, పీటా అన్నది. గంత ఎత్తు మీద చీరతోని ఎట్ల కూసోవాలన్నది. మరునాడు తండాకు పోతే తల్లి రామి బండి చుట్టు తిరిగి, గిది పొడువొచ్చే ఎద్దు లెక్క తలకాయ దించుకొని ఉన్నదేందిరా అని తమ తండా భాషల అని నవ్వింది. మట్టి బాట మీద చిన్న రాయి ఎగిరి కింది ప్లాస్టిక్‌కు తాకితే రాజేందర్ బండి దిగి, గీత పడ్డదా అని వేలుతోని తుడిచి చూసిండు.

అప్పటినుంచి ఆయనకు నిలకడ లేదు. ఒకనాడు ఎర్ర బండి భద్రు దగ్గర పెట్టి నల్ల బండి మీద భూపాలపల్లికి పోయేటోడు. దాని మీద గాలంత ఛాతికి కొట్టేది, కండ్లల్ల నీళ్లొచ్చేవి. కాని తొవ్వపొంటి ప్రతి టెంటుల డప్పు వినబడేది. ఎవరో ఒకరు చెయ్యెత్తి, ఆగన్నా, చాయ్ తాగిపో అని పిలిచేటోళ్లు. పరకాల దాటినంక రోడ్డు మీదనే వంటలు వండుకుంట కూసున్నోళ్లు ఆయనకు విస్తరేసి అన్నం పెట్టిండ్రు. తిని లేచి డాక్టరు గదికి పోయి మందుల పేర్లు చెప్తుంటే, నాలుక తనది కానట్టనిపించింది. మరునాడు మల్ల ఎర్ర బండే నయమనిపించేది. దాని మీద ఎవరు పిలిచినా వినబడదు.

ఏదో ఒకటి ఖరారు చెయ్యిమని భద్రు నవ్వుకుంట అడిగిండు. సంగీత మాత్రం నవ్వలేదు. "నీ పరేషాన్ బండి గురించి కాదు" అని మాత్రం అన్నది. ఆయన తాళంచెవి తీసుకొని బయటికెళ్లిండు.

ఎర్ర బండి తిరిగిచ్చేద్దామని ఒకనాడు పొద్దుగాల జనగామకు బయలెల్లిండు. స్టేషన్ ఘన్‌పూర్ కాడ హైవే మీద జనం బైఠాయించిండ్రు. అప్పుడే పోలీసులు వచ్చి లేపుతున్నరు. రాజేందర్ బండి పక్కకు తిప్పబోయిండు. మెల్లగ తిప్పేకాడ బరువుకు బండి ఒరిగింది, కాలు ఆనించి ఆపుకునేవరకు ఒక ఎస్సై ముందర నిలబడ్డడు.

"ఈ బండి నాకెరుక. జనగామల ర్యాలీ ముందల ఇదే ఉండె. ఎవలిది?"

రాజేందర్ మెడల కంపెనీ కార్డు ఉన్నది. చేతుల బ్యాగు ఉన్నది. ఒక్క పేరు చెప్తే పోవచ్చు. రోడ్డు మీద ఒక ముసలమ్మను ఇద్దరు ఆడ కానిస్టేబుళ్లు చేతులు పట్టి లేపుతున్నరు. ఆమె లేస్తలేదు, తిడ్తలేదు, ఊకె కూసున్నది.

"నాది" అన్నడు రాజేందర్.

"నువ్వేనా ముందల తోలింది?"

"బండి నాది సార్" అని మల్ల అన్నడు.

ఆయన్ను కూడ వ్యాన్ ఎక్కించిండ్రు. ఒక ఫంక్షన్ హాల్ల అందరిని కూసోబెట్టిండ్రు. కొందరు పాటలు పాడిండ్రు, కొందరు పేకాడిండ్రు. పక్కన కూసున్న ఆర్టీసీ కండక్టరు ఏ ఊరని అడిగి, తండా పేరు చెప్తే, తన బస్సు ఆ తొవ్వలనే పోయేదని తండాల మనుషుల పేర్లు చెప్పుకుంట కూసున్నడు. మేనేజరు ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఇన్నొద్దులు ఇంట్ల ఒక్కకాడ కూసోలేని రాజేందర్ ఆ హాల్ల గోడకు ఒరిగి కునుకు తీసిండు.

పొద్దు గూకేముందు అందరిని వదిలిపెట్టిండ్రు. బయట పోలీసులు తెచ్చిపెట్టిన బండ్లన్ని ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నయి. జనం తోపులాటల వరుస వరుసే పడ్డదట. ఎర్ర బండి కింద ఉన్నది. ఎడమ దిక్కు తొడుగు నిలువున పగిలి, లైటు వేలాడుతున్నది. పట్టుకుంటే ముక్క చేతిలకు వచ్చింది.

సంగతి జనగామకు అప్పటికే తెలిసింది. దుకాణం ముందర బండి ఆపేవరకు రాజేశం సేటు దిగొచ్చి రాజేందర్ చెయ్యి పట్టుకున్నడు. నా కొడుకు మీద మల్లొక కేసు పడకుంట కాపాడినవ్, ఈ బండి నువ్వు తోలొద్దు, పోలీసులు మల్ల నిన్నే పట్టుకుంటరు, ఈడనే వదిలిపెట్టి పో అన్నడు.

"అందరి ముందల నాదని చెప్పి వచ్చిన సేటు. ఇప్పుడు నాది కాదని ఎట్లంటా? ధర చెప్పు" అన్నడు రాజేందర్.

సాయితేజ పగిలిన తొడుగు మీద చెయ్యి పెట్టి చూస్తున్నడు. పిలగాని మొఖంల బండి పోయిన బాధ కంటె వేరేదేదో ఉన్నది. "అన్నా, నా పేరెందుకు చెప్పలే?" అని అడిగిండు.

"యాదికి రాలే" అన్నడు రాజేందర్.

కొత్త తొడుగు హైదరాబాద్ నుంచి రావాలె, సమ్మెల వచ్చేది లేదని భద్రు చెప్పిండు. ఉన్నదాన్ని అతికించినా నిలువదన్నడు. రాజేందర్ మొత్తం విప్పేయుమన్నడు. బోల్టులు ఊడదీసి ప్లాస్టిక్ అంత తీసి పక్కన పెడితే లోపలినుంచి మసిబట్టిన ఇంజను, వైర్లు, బురద బయటపడ్డయి. భద్రు పాత సామాన్లనుంచి గుండ్రటి లైటొకటి బిగించిండు, హ్యాండిల్ జర ఎత్తు చేసిండు, ఎనుక పొడుగు సీటొకటి కుట్టిచ్చిండు. బండి అందంగ లేదు. ఇద్దరు ఇటునుంచొకసారి, అటునుంచొకసారి చూసిండ్రు. నల్ల బండిని వేరే ఎవరో కొనుక్కపోయిండ్రు.

దసరా అయినంక భూపాలపల్లి బొగ్గు కార్మికుల టెంటుకు మానుకోట టీచర్లు పోవాలనుకున్నరు. సంగీత రాజేందర్ ఎనుక కూసున్నది. ములుగు దాటినంక అడవి తొవ్వల గాలి గట్టిగ కొడుతుంటే ఆమె కొంగు ముడేసుకొని, చెవి దగ్గరికొచ్చి అడిగింది.

"ఆ పొద్దు నిజంగనే పేరు యాదికి రాలేదా?"

రాజేందర్ బండి మెల్లగ చేసిండు. "నోటి దాకా వచ్చింది. సాయి అని సగం వచ్చింది. ఆ ముసలామె దిక్కు చూసిన, ఇగ ఎల్లలే. ఆమె లేకుంటె చెప్పెటోన్నేమో సంగీతా. నాకు తెల్వదు."

కొంచెం దూరం పోయినంక సంగీత ఆయన భుజం మీద చెయ్యేసింది.

టెంటుల సంగీత ఆడోళ్ల నడుమ పోయి కూసున్నది. రాజేందర్ కూడ చెప్పులిడిచి చాప మీద కూసున్నడు. సేపయినంక లేచిండు. మల్ల కూసున్నడు. జేబుల ఫోను మోగితే తీసి చూసి, బంద్ చేసి మల్ల జేబుల పెట్టుకున్నడు. రేపు నౌకరి ఉంటదో పోతదో ఆలోచిస్తే మల్ల కాలు నిలువలేదు. ఐలమ్మ అనే పెద్దమనిషి పొయ్యి కాడినుంచి లేచి, వంటకు బియ్యం తక్కువైనయి, కార్మికుల కాలనీకి పోయి ఎవరన్న పట్టుకరావాలెనని అడిగింది.

ఆయన చెప్పులు తొడుక్కొని, అవ్వా, ఏ ఇంటికి పోవాలె అని అడుగుకుంట బండి దిక్కు నడిచిండు.