పగులు కడిగితే

చెల్లెలి మొగుడు గోనెసంచిలోంచి తుపాకీ తీసి వడ్రంగి బల్ల మీద పెట్టాడు. వాళ్ల తాతల నాటి జంటగొట్టాల తుపాకీ. భుజానికి ఆనించే అక్రోటు కర్ర మడమ, సన్నటి మెడ దగ్గర చీలిపోయి ఒక్క పేడు మీద వేలాడుతోంది.

"అటక మీంచి పడింది బావా. పైపైన జిగురు పూసి ఇచ్చెయ్, చాలు."

పైపైన పూయడమట! ముప్పై ఏళ్లుగా కర్రతోనే కాపురం చేస్తున్న వడ్రంగికి చెప్పే మాటా అది? లోపలంతా కడగకుండా పూస్తే ఆ అతుకు మూన్నాళ్ల ముచ్చటే. గొట్టాలు విప్పి పక్కన పెట్టి, వేడినీళ్లలో ముంచిన గుడ్డను చీలికలోకి దూర్చాడు. గుడ్డ ఎర్రగా బయటికొచ్చింది. పాత వార్నిషు అనుకున్నాడు. సూదితో గెలికితే పొడుగాటి వెంట్రుకలు మూడు వచ్చాయి, కుదుళ్లతో సహా.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. అటక మీంచి పడితే మడమ చివర సొట్ట పడాలి. చివరేమో నున్నగా ఉంది, సొట్టంతా పక్కన ఉంది. వడ్రంగి వెంట్రుకల్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు.

"చెల్లాయి ఎలా ఉంది?"

"జ్వరం. పడుకుంది."

"సరే. ఇది ఈ వైసు దవడల మధ్య పెట్టి కదలకుండా పట్టుకో బావా, మర బిగిస్తాను."

అతను పట్టుకున్నాడు. వడ్రంగి కర్రను లాగేసి మరను ఒక్క ఊపున తిప్పాడు. ఇనుప దవడల మధ్య నాలుగు వేళ్లూ చిక్కాయి.

"బతికుందా లేదా, చెప్పరా!"

"నీకేమైనా పిచ్చా?"

ఇంకో చుట్టు తిప్పాడు. ఎముక పటుక్కుమంది. చెల్లెలి మొగుడు గావుకేక పెట్టాడు. మరో చుట్టుకి గోళ్ల కిందినుంచి నెత్తురు వడ్రంగి చేతుల మీదికి కారింది. జాలా? ఆవగింజంత కూడా కలగలేదు. నిజం చెప్పాలంటే ఆ కేక చెవులకి ఇంపుగానే ఉంది.

"గదిలో ఉంది! బతికే ఉంది! తాళంచెవి జేబులో ఉంది, విప్పు బావా!"

తాళంచెవి లాక్కుని, వాణ్ని అలాగే వదిలేసి, నాలుగు వీధులు దాటి వాళ్లింటికి పరుగెత్తి గది తాళం తీశాడు.

చెల్లెలు మంచం కింద ముడుచుకుని ఉంది. ఒక కన్ను పూడుకుపోయింది. తల ఒకవైపంతా నెత్తురుతో అట్టకట్టింది. దెబ్బ ఎంత లోతో చూద్దామని వడ్రంగి ఎర్రటి చెయ్యి చాచాడు. ఆమె రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది.

"కొట్టొద్దండీ. ఇంకెప్పుడూ ఎదురు చెప్పను."

"నేనమ్మా, అన్నయ్యని," అన్నాడు ఏడుస్తూ. ఆమె చేతులు దించలేదు.